రెండు పిడికిళ్ల గుర్రాలు

ఆ వేసవిలో మా నాయనమ్మ రెండు ఊళ్ల దేవుళ్లను ఒకే గుంటలో వేసి నా చేత తొక్కించింది. తొక్కుతున్నప్పుడు నాకు తెలియదు. తెలిసేసరికి గుర్రాలు నడుముల దాకా లేచాయి.

మేం వేలార్లం. కుండలు చేస్తాం, అయ్యనార్‌కు మట్టి గుర్రాలు చేస్తాం, ఆ గుర్రాలు నిలబడే గుడిలో పూజ కూడా మేమే చేస్తాం. కొన్నవయల్ అయ్యనార్, ఆలంకాడు అయ్యనార్ ఇద్దరూ మా ఇంటి గుర్రాలెక్కే పొలిమేర కాస్తారు. ఇద్దరి గుళ్లూ ఒకే చెరువుకు చెరో పక్కన ఉంటాయి. ఇద్దరిలో అన్న ఎవరు, తమ్ముడు ఎవరు అన్నది మాత్రం తేలలేదు. కొన్నవయల్ వాళ్ల లెక్కలో, పూర్వం ఆలంకాడుకు కోడలుగా పోయిన ఒక ఆడపడుచు పుట్టింటి దేవుణ్ణి వదల్లేక గుడి ముందు మట్టి పిడికెడు కొంగున కట్టుకుపోయింది. ఆ మట్టి మీదే అక్కడ రెండో గుడి లేచింది. ఆలంకాడు వాళ్ల కథలోనూ అదే ఆడపడుచు, అదే కొంగు, అదే పిడికెడు మట్టి. దారి మాత్రం ఎదురు.

గుర్రాల పండగ చేయాలనుకుంటే ఊరి అంబలం, అంటే ఊరి పెద్ద, గుడి ముందు మట్టి పిడికెడు తీసి నాన్న తువ్వాలులో పోస్తాడు. అదే పిడిమన్ను. అది పుచ్చుకున్నాక గుర్రాలు ఇచ్చి తీరాలి. మొదటి గుంట మట్టిలో దాన్ని కలిపి తొక్కుతాం. అందులోంచి తీసిన తల్లి ముద్దను, పాలకు తోడు వేసినట్టు, తర్వాతి మట్టికంతా కలుపుతాం. అలా ఆ ఊరి నేల ప్రతి గుర్రంలోనూ ఉంటుంది. ఒక ఊరి తోడు ఇంకో ఊరి మట్టికి తగలకూడదు.

ఆ ఏడు వైశాఖంలో మంచి రోజు ఒకటే వచ్చింది. రెండు ఊళ్లూ దాన్నే పట్టుకున్నాయి.

కొన్నవయల్ అంబలం సేవుగన్ మట్టి తీసి కూడా పిడికిలి వెంటనే విప్పలేదు. నిలువెత్తు మనిషి. ఆయన మీసాలు ఆయనకంటే రెండడుగులు ముందు నడిచేవి.

"ఈసారికి మట్టే వేలారూ" అన్నాడు నాన్నతో. "మా కుర్రకారు సిమెంటు గుర్రాలు పోయించాలని నా ప్రాణం తోడేస్తున్నారు. నూరేళ్లు కదలవంట. నీ గుర్రాల్లో ఒక్కటి పగిలినా, ఒక్కదానికి వంక దొరికినా, ఇక నేను వాళ్లకు అడ్డు చెప్పలేను. పూజ కూడా ఎవరి చేత చేయించుకోవాలో అప్పుడు చూసుకుంటాం."

"పొయ్యండి అయ్యా" అని నాన్న తువ్వాలు పట్టాడు.

సాయంత్రం ఆలంకాడు అంబలం మలయాండి పిలిచాడు. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ తాంబూలంతో ఉండే మనిషి. "ఆ మీసాలాయన ఏం చెప్పాడో నాదీ అదే మాట" అన్నాడు. "కాకపోతే వాళ్లవాటికంటే మావి ఒక వేలు ఎత్తుండాలి."

"ఏ వేలు నాయనా?" అని అడిగింది మా నాయనమ్మ. నాన్న ఆమెను గబగబా ఇంటికి తీసుకొచ్చేశాడు.

ఇళ్లల్లోకి స్టీలు బిందెలు వచ్చాక కుండల కోసం జనం పెళ్లికో చావుకో వస్తున్నారు. గుర్రాలు పోయి, పూజ కూడా పోతే మాకిక మిగిలేది కుమ్మరి సారె ఒక్కటే. అది తిరిగినా తిరగకపోయినా ఒకటే. నాన్న కంకణం కట్టుకున్నాడు. కంకణం చేతికుండగా ఒంటిపూట భోజనం, చాప మీద పడక, నోట అబద్ధం రాకూడదు. అబద్ధమాడిన చేత్తో పేర్చిన ఆవంలో కాలిస్తే గుర్రం పగులుతుందని మా నమ్మకం.

కొన్నవయల్ గుర్రాల వరస కాళ్లు ఆరి, పొట్టలు లేచాక, ఆలంకాడు పని మొదలుపెడదామని నాన్న దేవుడి గూట్లో చెయ్యి పెట్టాడు.

"అమ్మా, ఆలంకాడు మూట ఏది?"

నాయనమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. "వేశాగా."

"ఎక్కడ?"

"మట్టిలో. మట్టిని మట్టిలో కాక పులుసులో వేస్తారా?"

నాన్న గడప మీద కూర్చుండిపోయాడు. "రెండూ కలిపేశావా?"

"ఒకణ్ణి పిలిచి పనిలో పెట్టి, ఇంకొకణ్ణి గూట్లో ఊరికే కూర్చోబెడితే వాడికి ఒళ్లు మండదా? పనిలేని దేవుడు ఇంట్లో ఉంటే అరిష్టం. మీ నాన్నే చెప్పేవాడు, పిడిమన్ను గూట్లో మిగలకూడదని."

"ఒక ఊరి మట్టి ఇచ్చినప్పుడు అందులో మిగల్చకూడదని అమ్మా ఆయన చెప్పింది."

"ఆ మనిషి అంత వివరంగా ఏనాడు మాట్లాడాడు?"

నేను నా కాళ్ల వంక చూసుకున్నాను. ఆ మట్టి తొక్కిన కాళ్లు. "నాన్నా, ఆలంకాడు వెళ్లి ఇంకో పిడికెడు అడిగి తెస్తే?"

"మీరిచ్చిన దేవుణ్ణి పక్క ఊరి దేవుడితో కలిపేశాం, ఇంకొకణ్ణి ఇవ్వండి అనా?"

మళ్లీ మొదలుపెట్టడానికి రోజులు లేవు. గుర్రం ఆరడానికి దాని టైము దానికి కావాలి. నాన్న చివరికి లేచి, ఉన్న ఒక్క తల్లి ముద్దలోంచే ఆలంకాడు గుర్రాలకూ మట్టి గిల్లాడు.

"కలిసినదాన్ని విడదీయడం నా వల్ల కాదు" అన్నాడు. "ఎవరైనా సూటిగా అడిగితే చెప్పేస్తాను."

"సూటిగా అడక్కుండా నేను చూసుకుంటా" అంది నాయనమ్మ.

వారం తిరక్కుండా మా బావ సింగారవేలు వచ్చి దిగాడు. మా మేనత్త కొడుకు. అతని తండ్రి సారె అమ్మేసి మదురై వెళ్లి గోపురాల మీద సిమెంటు బొమ్మలు చేసే పనిలో చేరాడు. బావ ఆ పనిలో తండ్రిని మించాడని పేరు. అతన్ని పిలిపించింది కొన్నవయల్ కుర్రాళ్లు, సిమెంటు గుర్రాలకు చోటు చూసి చెప్పమని. పని వాళ్లది, తిండి మాది.

"అమ్మమ్మా, మనవడొచ్చాడు."

"ఏ మనవడు? బూడిద పిసికేవాడా? కాళ్లు కడుక్కుని రా. కడిగితే పోతుందో పోదో."

"సిమెంటు కడిగితే పోదు అమ్మమ్మా. అందుకే కదా అందరూ అడుగుతున్నారు."

"నీ నోరు కూడా దాంతోనే పోశాడా మీ నాన్న?"

అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ పెరడంతా ఒకసారి చూశాడు బావ. చూసిన తీరు నాకు నచ్చలేదు. ఎంత సిమెంటు పిసికినా వేలార్ పిల్లాడే.

"పొన్నళగూ, గుర్రాలు రెండు వరసలున్నాయి. గుంట ఒకటే ఉంది" అన్నాడు నాతో.

"కళ్లున్నాయని చాటింపు వేయకు."

"తడిగుడ్డ కింద తల్లి ముద్ద కూడా ఒకటే."

నేను ఆ గుడ్డ ఇంకాస్త కిందికి లాగాను. అతనికి విషయం అర్థమైంది. ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి చుట్టూ చూశాడు.

"ఈ సంగతి గురించి నేను కొన్నవయల్ టీ కొట్లో ఒక్కసారి దగ్గితే చాలు, రెండు ఊళ్ల గుర్రాలూ నావే."

"దగ్గు మరి."

"ప్రస్తుతానికి గొంతు బాగానే ఉంది."

"బాగోకపోతే చెప్పు బావా. మిరియాల చారు నాయనమ్మ పెడుతుంది. అందులో ఏం వేసిందో మాత్రం అడక్కు."

ఆ రోజు నుంచి నాకు అతని గొంతు మీదే కాపలా. పొద్దున్నే టీ కొట్టుకు వెళ్లేవాడు. తిరిగి వచ్చేదాకా నా ప్రాణం వీధి గుమ్మంలోనే ఉండేది. వచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. కాసేపు ఊరికే కూర్చుని, నాన్న చేస్తున్న పని వంక చూసి, "ఆ చెవి కొద్దిగా వెనక్కి వాలితే గుర్రం పరుగెత్తినట్టుంటుంది మావయ్యా" అనేవాడు. నాన్న ఒక ముద్ద తీసి అతని చేతిలో పెట్టాడొక రోజు. చెవి చేశాడు. మర్నాడు జూలు చేశాడు. ఆ తర్వాత అందరికంటే ఎత్తున్న గుర్రానికి మెడ తనే ఎత్తాడు. ఎవరో పక్కనుంచి పిలిచినట్టు ఓరగా తిరిగిన మెడ.

"రోజు కూలీ ఏమైనా అడుగుతాడేమో కనుక్కో" అంది నాయనమ్మ నాతో. ఆ పూట అతని కంచంలో నెయ్యి ఎక్కువ పడింది. వేసింది నేను కాదు.

అంబలాలు చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. సేవుగన్ పొద్దున వచ్చాడు. తూర్పు వరస మీద ఎండ పడుతోంది.

"మావి ఏవి?"

"ఎండలో ఉన్నవి నాయనా" అంది నాయనమ్మ.

ఆయన తృప్తిగా చూసి, నాన్న వైపు తిరిగాడు. "మా మట్టి బాగా కలిసిందా వేలారూ?"

"అన్నిట్లోనూ కలిసింది అయ్యా" అన్నాడు నాన్న. అందులో అబద్ధం రవ్వంత లేదు.

మలయాండి మధ్యాహ్నం భోంచేసి వచ్చాడు. అప్పటికి ఎండ పడమటి వరసకు తిరిగింది.

"మావి ఏవమ్మా?"

"ఎండలో ఉన్నవే నాయనా."

నేను పొయ్యి దగ్గరికి పారిపోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. బావ అప్పటికే అక్కడ గోడకు తల ఆనించి భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నాడు. నవ్వుతూనే నన్ను చూశాడు. అప్పుడు కూడా నాకు నమ్మకం కుదరలేదు. నవ్వినవాడు చెప్పడని ఎక్కడుంది?

ఆవం వెలిగించింది తెల్లవారగానే. పిడకలు, కొబ్బరి డొక్కలు, పైన గడ్డి, దాని మీద బురద పూత. మంట అంతా లోపలే ఉంటుంది. పైకి పొగ ఒక్కటే కనిపిస్తుంది. చల్లారి విప్పే రోజుకు రెండు ఊళ్లూ మా పెరట్లో ఉన్నాయి. ఏ ఊరు ముందు ఎత్తుకోవాలన్న తగవు తెంచుకోడానికి అంబలాలిద్దరూ ముందే వచ్చి, చెరో మంచం మీద ఎడమొగం పెడమొగంగా కూర్చున్నారు. కొన్నవయల్ కుర్రాళ్లు పగుళ్లు చూడ్డానికి వచ్చారు.

నాన్న, బావ బూడిద తోశారు. ఒక్కో గుర్రం బయటికి వచ్చింది. నాన్న ప్రతిదాన్నీ వేలి కణుపుతో తట్టాడు. ప్రతిదీ కంచులా మోగింది. ఒక్క గీత లేదు. మా ఇంట్లో ఎన్నడూ అలా జరగలేదు, ఎప్పుడూ ఒక తోకో ఒక చెవో పోయేది. కుర్రాళ్లు వంగి వంగి వెతికి నడుములు పట్టుకున్నారు.

"ఇదీ మా మట్టి మహిమ" అన్నాడు సేవుగన్ లేచి. మెడ ఓరగా తిరిగిన ఎత్తు గుర్రం వైపు వేలు చూపించాడు. "దాని రంగే చెబుతోంది. మా గుడి ముందు మట్టి తప్ప ఇంత ఎరుపు ఎక్కడా రాదు."

"వేలు దించు అంబలం" అన్నాడు మలయాండి. "అది మాది. అడిగి మరీ ఎత్తుగా చేయించుకున్నాం."

"మీ మట్టితో చేస్తే గాడిద అయ్యుండేది."

"మీ మట్టితో గాడిదను కూడా చెయ్యలేరు. ముందు దానికి మీసాలు మొలుస్తాయి."

రెండు ఊళ్లూ చెరో అడుగు ముందుకు వేశాయి. సేవుగన్ బావ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. పనివాడివి, ఎవరి వైపూ కాదు. ఇది ఏ ఊరి మట్టి?"

బావకు కావలసింది ఒక్క మాట. ఆ మాట అతని నోట్లోనే ఉంది, ఎదురుగా రెండు ఊళ్లు వింటున్నాయి.

బావ చేతికున్న బూడిద పంచెకు తుడుచుకున్నాడు. "నాది సిమెంటు పని అయ్యా. మట్టి సంగతి నాకేం తెలుస్తుంది? మావయ్యను అడగండి."

అనేశాక గాని అతనికి తెలియలేదు, ఎవరిని అడగమన్నాడో.

"చెప్పు వేలారూ. ఏ ఊరిది?" అన్నాడు సేవుగన్.

నాన్న ఎడమ చేతి కంకణాన్ని కుడి చేత్తో పట్టుకున్నాడు.

"ఇద్దరిదీ" అన్నాడు. "ఇదే కాదు, అన్నీ."

"వాణ్ణేమీ అనకండి" అంది నాయనమ్మ. "వేసింది నేను. తొక్కింది నా మనవరాలు. ఇద్దరూ చక్కగా కలిసిపోయారు, చూశారుగా, ఒక్కటి పగల్లేదు."

వెనక నుంచి ఒక కుర్రాడు, "పగలగొట్టండి అన్నీ" అన్నాడు.

నాన్న గోడకు ఆనించిన గునపం తీసుకొచ్చి రెండు చేతులతో సేవుగన్ ముందు పట్టాడు. "కొట్టండి అయ్యా. మీరిచ్చిన పిడికెడు కూడా ఇందులోనే ఉంది. అది తగలకుండా చూసి కొట్టండి."

సేవుగన్ గునపాన్ని ముట్టుకోలేదు. మలయాండి నమలడం ఆపేశాడు.

"పగలగొట్టం. మేమే ఎత్తుకుపోతాం అన్నీ" అన్నాడు సేవుగన్.

"మా దేవుడు లోపల ఉండగా నువ్వెలా ఎత్తుకుపోతావు?"

"అయితే నువ్వే ఎత్తుకుపో."

"నీ దేవుణ్ణి నేనెందుకు మోస్తాను?"

"ఇద్దరూ కలిసి మోయండి" అంది నాయనమ్మ. "త్వరగా అయిపోతుంది. నాకు వంటుంది."

వేరే దారి లేదు. సగం ఆ గుడికి, సగం ఈ గుడికి అని తేలింది. ముందు ఏ గుడి అన్నది తేలలేదు. వెళ్తూ వెళ్తూ సేవుగన్ నాన్నతో, "పండగ కానీ. నీ సంగతి తర్వాత తేలుస్తా" అన్నాడు.

పండగనాడు మధ్యాహ్నం నాన్న గుర్రాలకు కళ్లు తెరిచాడు. సున్నం పూసి, రంగులు వేసిన గుర్రాలు నల్లటి కనుపాప పడగానే మట్టి కాకుండా పోతాయి. ఇక వాటిని ఎత్తాక గుడి చేరేదాకా నేల మీద దించకూడదు. గుర్రాలను మోసే బొంగుల్లో ఎడమవి కొన్నవయల్ వాళ్లవి, కుడివి ఆలంకాడు వాళ్లవి. కొన్నవయల్ వాళ్లు పొడుగు, ఆలంకాడు వాళ్లు పొట్టి. గుర్రాలన్నీ తాగినట్టు కుడి పక్కకు వాలి నడిచాయి. డప్పులు, కొమ్ములు, ఆడవాళ్ల ఉలూలు కేకలు, ఒకరి నడక మీద ఇంకొకరి తిట్లు.

చెరువు గట్టు ఎక్కాక దారి రెండుగా చీలుతుంది. ముందు నడుస్తోంది ఎత్తు గుర్రం. ఎడమవాళ్లు ఎడమకు లాగారు. కుడివాళ్లు కుడికి లాగారు. గుర్రం ఆగిపోయింది.

"లాగండిరా" అన్నాడు సేవుగన్.

"వదలకండిరా" అన్నాడు మలయాండి.

డప్పులు ఆగాయి. బొంగు కిర్రుమంది. ఎవరి కాలో గట్టు అంచున జారింది. గుర్రం మొత్తంగా ఒరిగి, నీళ్ల వైపు తల వంచింది.

ఆ తర్వాత ఎవరు ఎక్కడున్నారో నాకు సరిగ్గా తెలియదు. మెడ కింద మలయాండి ఉన్నాడు, తలపాగా చెదిరిపోయింది. పొట్ట కింద సేవుగన్ ఉన్నాడు, మీసాలకు సున్నం అంటింది. తోక కింద బావ, అతని పక్కన నేను. ఆడవాళ్లు గుర్రాన్ని ఎత్తకూడదని ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు. మట్టి గుర్రం అంత బరువుంటుందని అప్పుడే తెలిసింది. చేసేటప్పుడు తెలియదు.

"దించెయ్యండి" అని ఎవరో మూలిగారు.

"దించితే చంపుతా" అన్నాడు సేవుగన్ పొట్ట కిందనుంచి. "నడవండి."

"ఎటు అంబలం?"

"ఎటైతే అటు. నా భుజం ఊడిపోతోంది."

ఒరిగిన గుర్రం మొహం ఆలంకాడు వైపు ఉంది. అటే నడిచాం. వెనక మిగతా గుర్రాలు వచ్చాయి, ఎవరూ లాగలేదు. డప్పులు మళ్లీ ఎత్తుకున్నాయి. గుర్రం గుడి ముందు నిలబడ్డాక మేమంతా దాని కాళ్ల దగ్గరే కూలబడ్డాం. ఎవరో మజ్జిగ కుండ తెచ్చారు. కొన్నవయల్ చేతుల్లోంచి ఆలంకాడు చేతుల్లోకి అది ఎన్నిసార్లు మారిందో.

సేవుగన్ జీవితంలో మొదటిసారి ఆ గుడి లోపలికి తల పెట్టి చూశాడు. నాన్న హారతి పళ్లెం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. సేవుగన్ చెప్పబోయే మాట మీదే మా ఇల్లుంది.

"ముక్కు మాత్రం అచ్చం మా వాడిదే" అన్నాడు చివరికి.

"మీ వాడిదే మా వాడి ముక్కు" అన్నాడు మలయాండి మజ్జిగ తాగుతూ.

"అదేం కాదు. అన్న ముక్కు తమ్ముడికి వస్తుంది గాని, తమ్ముడి ముక్కు అన్నకు రాదు."

"అది కూడా నేను చెప్పేదే."

సేవుగన్ మీసాలకున్న సున్నం తుడుచుకుని హారతి కళ్లకద్దుకున్నాడు. "వేలారూ, ఇక్కడ తొందరగా కానివ్వు. అక్కడ మా వాడు ఎదురు చూస్తుంటాడు. వచ్చే ఏడు ఆ బొంగులు కాస్త లావువి చూడాలి. మీ అమ్మను అడిగి చేయకు ఏదీ."

నాన్న తల ఊపాడు. హారతి పళ్లెం మలయాండి వైపు తిప్పాడు.

ఆ ఏడు వానలు పండగ దాటి పది రోజులకే దిగాయి. బావ టీ కొట్టు కుర్రాళ్లతో ఏం చెప్పాడో తెలియదు, మదురై మాత్రం వెళ్లలేదు. వాళ్లు ముందుగా తెప్పించిన సిమెంటు మా పశువుల పాకలోనే ఉండిపోయింది. దాని మీద గుడ్డ కప్పమని నేను చెప్పాను. రేపు కప్పుతానని అతను ఆవం దగ్గరే ఉన్నాడు. మూడో వానకు గోతాలన్నీ రాళ్లయ్యాయి.

అందులో ఒకటి చదునుగా బాగా కుదిరింది. బావి పక్కన వేసుకుని ఇప్పటికీ నేను దాని మీదే బట్టలుతుకుతాను. మా ఆయన పంచెలకు పట్టిన మట్టి పోవాలంటే అంత గట్టి రాయి కావాలి మరి.